ఒంటికి తగ్గ దెబ్బ

భాలుబాసా, జంషెడ్‌పూర్
15 జనవరి 1978

మామయ్యగారి పాదాలకు, మేనల్లుడూ అల్లుడూ రెండూ తానే అయిన నీలకంఠం మొక్కి రాసుకుంటున్నది.

ఇక్కడ నేనూ చిన్నమ్మీ కులాసా. నా నడుము మాత్రం కులాసాగా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మా ఆఫీసుకి కలకత్తా నుంచి కొత్త అధికారిగా భట్టాచార్య సాహెబ్ వచ్చారు. అగ్రికోలో రెండు గదుల క్వార్టర్ ఒకటి ఖాళీ అయింది. దానికి వరండా ఉంది, వెనక పెరడు ఉంది, అన్నిటికీ మించి ఇంట్లోనే కుళాయి ఉంది. చిన్నమ్మి ఇప్పటికే చాలాసార్లు వెళ్లి దాన్ని బయట నుంచి చూసి వచ్చింది. వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి తగువులాడటంతోనే ఆమె వయసంతా అయిపోతోంది, పాపం. ఆ క్వార్టర్ ఎవరికివ్వాలో సాహెబ్ చెప్పాలి. అడిగేవాళ్లం ముగ్గురం ఉన్నాం. వరసలో చివరివాణ్ణి నేను.

సాహెబ్ వచ్చిన మొదటిరోజే మమ్మల్నందరినీ పిలిచి, "మీలో గోల్ఫ్ ఎవరికి వచ్చు?" అని అడిగారు. అందరూ నేల చూశారు. నేను వచ్చని చెప్పాను. నోరు నాదే గాని ఆ మాట చిన్నమ్మిది అనుకుంటాను.

గోల్ఫ్ అంటే ఏమిటో మీకు చెప్పాలి కదా. పెద్ద పచ్చిక మైదానం ఉంటుంది. నిమ్మకాయంత తెల్లబంతిని పొడుగాటి కర్రతో కొట్టుకుంటూ పోయి, ఎక్కడో దూరాన ఉన్న గుంటలో పడెయ్యాలి. తక్కువ దెబ్బల్లో పడేసినవాడు గెలిచినట్టు. మార్చిలో డిపార్టుమెంట్ల మధ్య పోటీ ఉంది. ఒక్కో జట్టుకి ఇద్దరు, బంతి ఒక్కటే. ఒక దెబ్బ సాహెబ్ కొడితే తరువాతి దెబ్బ నేను కొట్టాలి.

మొదటి ఆదివారం నేను కొట్టిన దెబ్బకి బంతి కన్నా పచ్చిక ముక్క ఎక్కువ దూరం వెళ్లింది. సాహెబ్ ఒక పుస్తకం ఇచ్చారు. అందులో సన్నగా పొడుగ్గా ఉన్న దొర ఒకాయన నడుము వెనక్కి తిప్పి, వీపు బంతికి చూపించి, మళ్లీ ముందుకు తిరిగి కొడుతున్నాడు. నేనూ అలాగే తిరుగుతున్నాను. నేను తిరిగిన కాసేపటికి నా పొట్ట తిరుగుతోంది. అది చూసి సాహెబ్ (ఆయన నోటికి నేను రావ్‌ని), "రావ్, పుస్తకం పక్కన పెట్టు. నీ ఒంటికి తగ్గట్టు దెబ్బ మార్చుకో" అన్నారు. ఎలా మార్చుకోవాలో చెప్పలేదు.

తాలింఖానాలో ఎన్నో రకాల ఒళ్ల చేత కర్రసాము చేయించినవారు మీరు. నా ఒంటికి ఏ దెబ్బ తగునో చెప్పండి. ఇది ఆట సంగతి కాదు, కుళాయి సంగతి.

మీ దెబ్బ కోసం ఎదురుచూస్తూ,
నీలకంఠం

తా.క. ఇంట్లో గొడుగుతో సాధన చేస్తున్నాను. అద్దం సంగతి మీకు రాయొద్దని చిన్నమ్మి చెప్పింది కాబట్టి రాయడం లేదు.


కంచిలి
28 జనవరి 1978

చిరంజీవి నీలకంఠాన్ని మామ జగ్గారావు దీవించి రాస్తున్నది.

మేమంతా బాగానే ఉన్నాం. దోమలు మాకన్నా బాగున్నాయి.

నీ ఉత్తరం చదివి, తాలింఖానాలో అందరికీ వినిపించాను. ఒక్క సంగతి ఎవరికీ బోధపడలేదు. కర్రసాములో అవతలివాడి చేతిలో కూడా కర్ర ఉంటుంది, వాడూ కొడతాడు. ఇక్కడ అవతలివాడు పచ్చికలో కూర్చుని కదలకుండా ఉన్నాడు. కదలనివాణ్ణి కొట్టడానికి పుస్తకాలు రాసుకున్నవాళ్ల గురించి నేను ఇదే వినడం. అయినా సాహెబ్ చెప్పినమాట మంచిమాట. దెబ్బకి ఒళ్లు సరిపోదు, ఒంటికే దెబ్బ సరిపోవాలి.

ఒళ్లు మూడు రకాలు. ఈతచెట్టు ఒళ్లు ఒకటి. అలాంటివాడు నడుము తిప్పి కొట్టవచ్చు. నీ పుస్తకంలో దొర ఆ రకం. రెండోది బస్తా ఒళ్లు. పైనుంచి కిందకి ఒకే వెడల్పు. వాడు భుజాలతో కొట్టాలి. మూడోది బాన ఒళ్లు. పైనా కిందా మామూలే, మధ్యలో ఉంటుంది సంగతి. బాన ఒంటివాడు మధ్యభాగాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. కాళ్లు ఎడంగా పెట్టు. మోకాళ్లు కొంచెం వంచు. వెనక పీట ఉందనుకుని దానిమీద ఆనుకున్నట్టు నిలబడు. పొట్టను దాని మానాన వదిలేసి చేతులతోనే పని చేయించు. కర్ర భుజం దాటి పైకి పోకూడదు. కొట్టేముందు నేలకి మొక్కడం మరిచిపోకు.

పెళ్లినాటికి నువ్వు ఈతచెట్టువి. కాని చిన్నమ్మి వంట ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి ఇప్పుడు బానవే అయుంటావు. అనుకోవడం మీద వైద్యం చెయ్యకూడదు. నీ నడుం కొలత పంపు. సిగ్గుపడి తగ్గించావో, తగని దెబ్బ కొట్టి నడుము పట్టేసి మంచానికి అతుక్కుంటావు.

నీ మేలు కోరే
జగ్గారావు

తా.క. మీ అత్తయ్య ధనమ్మ అడగమంది: అంత పెద్ద సాహెబ్ అయ్యుండి బంతి తానే కొట్టుకోవడమేమిటి, అక్కడ ప్యూన్లు దొరకరా?


భాలుబాసా
22 ఫిబ్రవరి 1978

పూజ్యులైన మామయ్యగారికి నీలకంఠం నమస్కారాలు. ఈసారి నడుము కూడా కులాసాయే.

బాన దెబ్బ పట్టుబడింది. పొట్టని వదిలేసి చేతులతో కొడుతున్నాను. బంతి తిన్నగా వెళ్తోంది. సాహెబ్ నోరు తెరిచి, "రావ్, యే కౌన్‌సా షాట్ హై?" అన్నారు, ఇదేం దెబ్బ అని. మా మామగారిది సార్ అన్నాను. దెబ్బదెబ్బకీ నేను నేలకి మొక్కడం చూసి ఏదో పోగొట్టుకున్నాననుకుని మొదట్లో ఆయన కూడా వంగి వెతికారు. ఇప్పుడు అలవాటుపడ్డారు.

కొలత సంగతి. సాక్చీలో దర్జీ దగ్గరికి వెళ్లాను. అతను కొలిచి, నన్ను చూసి, మళ్లీ కొలిచి, లోపలున్న అతని తమ్ముణ్ణి పిలిచాడు. నేను అంకె వినకుండా వచ్చేశాను. ఇంట్లో టేపు ఉంది గాని సగం తెగిపోయింది. ఆలోచించగా మంచి ఉపాయం తట్టింది. నా నడుముని ఏళ్లతరబడి అంటిపెట్టుకున్నది నా మొలతాడు. దానికి తెలిసినంత టేపుకి ఏం తెలుస్తుంది? దాన్నే కోసి మీకు పంపుతున్నాను. నేల మీద పరిచి కొలుచుకోండి.

ఇన్‌లాండు ఉత్తరంలో ఏమీ పెట్టకూడదని దానిమీదే అచ్చువేసి ఉంటుంది. అందుకని మొలతాడు వేరే కవరులో పెట్టాను. రెండూ ఒకే డబ్బాలో వేస్తున్నాను కాబట్టి కలిసే వస్తాయి.

పోటీ మార్చి అయిదు, ఆదివారం. అవతల జట్టు రోలింగ్ మిల్లు వాళ్లు. ఇద్దరూ ఈతచెట్లే.

మీ బాన,
నీలకంఠం

తా.క. చిన్నమ్మి నీళ్లకి వెళ్లినప్పుడు కోశాను. ఆమెకి తెలియదు. తెలిస్తే మంచిరోజు చూసి కొత్తది కట్టేదాకా నాకు అన్నం పెట్టదు.


కంచిలి
3 మార్చి 1978

నీలకంఠానికి జగ్గారావు రాయునది. దీవెన తరువాత.

రెండూ కలిసి రాలేదు. కవరు మంగళవారం వచ్చింది. ఉత్తరం ఈరోజు వచ్చింది.

మన వైపు మగవాడి మొలతాడు ఎప్పుడు తెంపుతారో నేను నీకు చెప్పాలా? పెళ్లాం పోయిననాడు తెంపుతారు. కవరు విప్పింది మీ అత్తయ్య. లోపల తెగిన మొలతాడు, పైన నీ దస్తూరీ. ఇంకొక ముక్క లేదు. "నా అల్లుడికి రాయడానికైనా సెయ్యి ఆడనేదర్రా" అని కూలబడింది. నేను కొబ్బరితోట నుంచి వచ్చేసరికి వీధి వీధంతా మన ఇంట్లో ఉంది. ఆడవాళ్లు తలస్నానాలు కూడా చేసేశారు.

నేనూ నమ్మాను నీలకంఠం. ఎన్ని కర్రదెబ్బలు తిన్నానో నీకు తెలుసు. గుమ్మంలో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. నా చిన్నమ్మిని ఆఖరిచూపు కూడా చూసుకోలేదని, దానికి ఇష్టమైన జీడిపప్పు ఈ ఏడు పంపలేకపోయానని, ఏవేవో అనుకున్నాను. ఇక రాయలేను.

ఈరోజు ఉత్తరం చూసి ముందు ఏడ్చాను, తరువాత నిన్ను తిట్టాను, ఆ తరువాత కొలత తీశాను.

నువ్వు బాన కూడా కాదురా. నీ మొలతాడు మన రోలు చుట్టూ వేస్తే ఇంకా బోలెడు మిగిలింది. నా అనుభవంలో ఇలాంటి ఒళ్లు లేదు కాబట్టి నాలుగోరకం ఒకటి పెట్టవలసి వచ్చింది. దానికి గాదె ఒళ్లు అని పేరు పెట్టాను. గాదె ఒంటివాడికి బంతి కనపడదు. పక్కన ఒక మనిషి నిలబడి ఎక్కడుందో చెప్పాలి. సాహెబ్‌ని అడిగి చూడు.

ఇంకొకటి. మీ అత్తయ్యా నలుగురు బంధువులూ నిన్న రాత్రే బయల్దేరిపోయారు. బరంపురంలో బంగార్రాజు మామని ఎక్కించుకుంటారు, అతనికి హిందీ వచ్చు కదా. ఖరగ్‌పూర్‌లో బండి మారి వస్తారు. మోకాళ్లు సహకరించక నేను ఉండిపోయాను. వాళ్ల ముందు చిన్నమ్మిని ఉన్నపళంగా నిలబెట్టకు, మెల్లగా చూపించు.

జగ్గారావు

తా.క. వాళ్లకి సంగతి తెలియజెయ్యడానికి నీకు తంతి ఇద్దామని పోస్టాఫీసుకి వెళ్లాను. తంతి మాష్టారు కూడా పరామర్శకి వాళ్లతోనే వెళ్లాడట.

మరొకటి. నీ రెండో సంబంధం విషయమై ఇచ్ఛాపురం నుంచి ఒకాయన వచ్చాడు. పదోరోజు వెళ్లాక రమ్మన్నాను. ఇప్పుడేం చెప్పమంటావో రాయి.


భాలుబాసా
9 మార్చి 1978

మామయ్యగారికి, తల ఎలా ఎత్తుకోవాలో తెలియని నీలకంఠం నమస్కారాలు.

మీ ఉత్తరం పోటీ అయిపోయాక చేరింది. మొదట ఒక మనవి. మొలతాడు నేను రెండు చుట్లు కట్టుకుంటాను. మీరు దాన్ని సగం చెయ్యాలి. నేను బాననే.

ఆదివారం చివరి గుంట దాకా రెండు జట్లూ సమానం. ఆ దెబ్బ నాది. నేలకి మొక్కి, కాళ్లు ఎడంగా పెట్టి, పొట్టని వదిలేసి కర్ర ఎత్తాను. అప్పుడు మైదానం మీద అత్తయ్య కనిపించింది. జుట్టు విరబోసుకుని ఏడుస్తూ వస్తోంది. వెనక బంగార్రాజు గారు, ఆయన వెనక మీ ఊరు. మీ ఉత్తరాలన్నీ ఆఫీసుకే వస్తాయి కాబట్టి వాళ్ల దగ్గరున్నది ఆఫీసు చిరునామా ఒక్కటేనట. గేటు దగ్గర దర్వాను ఆదివారం కదా, మైదానంలో ఉంటాడన్నాడట. "పెళ్లాం పోతే ఆటేటి?" అని బంగార్రాజు గారు అంటే, "మతి పోయుంటాది బాబూ నా అల్లుడికి" అని అత్తయ్యే నన్ను వెనకేసుకొచ్చిందట.

"నా చిన్నమ్మి ఎల్లిపోనాదిరా నీలకంఠం" అంది అత్తయ్య.

పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు చిన్నమ్మి తలనొప్పిగా ఉందంది. నాకు తెలియని సంగతి కంచిలిలో ఉన్నవాళ్లకి ఎలా తెలిసిందని నేను ఆలోచించలేదు. కర్ర అక్కడ పారేసి, ఎవరిదో సైకిలు దొరికితే ఎక్కి భాలుబాసా దాకా తొక్కాను. ఎలా తొక్కానో నాకు తెలియదు.

చిన్నమ్మి వీధి కుళాయి దగ్గర ఎవరితోనో తగువులాడుతోంది. నన్ను చూసి, "ఏటి, ఆట అప్పుడే అయిపోనాదేటి?" అంది. ఆమె చెయ్యి పట్టుకుని ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను. మామయ్యగారూ, నాకు ఆ క్షణాన ఏ క్వార్టరూ వద్దనిపించింది. ఆమె అక్కడ నిలబడి తగువులాడుతూ ఉంటే చాలనిపించింది. ఎందుకు ఏడుస్తున్నానో చెప్పేలోగా, "ముందు లైను సూడు, మన బిందె ఎనక్కి తోసెత్తన్నారు" అంది.

ఇక్కడిదాకా మంచే జరిగింది. ఇక మైదానంలో జరిగింది వినండి. బంగార్రాజు గారు తనకు వచ్చిన హిందీలో, ఇతని భార్య పోయిందని అందరికీ చెప్పారు. రోలింగ్ మిల్లువాళ్లు టోపీలు తీసేశారు. ఇంత దుఃఖంలోనూ డిపార్టుమెంటు కోసం వచ్చి నిలబడ్డాడు, ఇలాంటివాడి మీద మేం ఆడం, గెలుపు మీదే అని కప్పు సాహెబ్ చేతిలో పెట్టారు.

సోమవారం నేను ఆఫీసుకి వెళ్లగానే అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. సార్, అది కాదు అని నోరు తెరిచినప్పుడల్లా సాహెబ్ నా భుజం మీద చెయ్యి వేసి, "మాట్లాడకు రావ్" అన్నారు. ఆ మధ్యాహ్నమే నా పేరు మీద కాగితం రాశారు. భార్య లేనివాడు రెండు గదుల్లో ఒక్కడూ ఉంటే బెంగతో చస్తాడని, నాకు ఒంటరివాళ్ల హాస్టల్లో ఒక మంచం ఇమ్మని రాశారు.

ఇప్పుడు నిజం చెబితే కప్పు వెనక్కి ఇవ్వాలి. ఆ కప్పు పట్టుకుని సాహెబ్ ఫోటో దిగారు, ఉపన్యాసం కూడా ఇచ్చారు. చెప్పకపోతే నాకు మంచం ఉంటుంది, చిన్నమ్మికి మంచం కూడా ఉండదు. "నాను సచ్చిపోతే ఇల్లొత్తాది గావాల అనుకున్నాను, ఉన్నదీ పోనాది" అంటోంది. క్వార్టరుకి సున్నం వేస్తున్నారు. వచ్చే నెలాఖరుకి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. నాకేమీ తోచడం లేదు.

నీలకంఠం

తా.క. మీవాళ్లందరూ మా ఒక్క గదిలోనే ఉన్నారు. అందరం క్షేమమని మీకు తంతి ఇద్దామన్నారు తంతి మాష్టారు. అక్కడ దాన్ని అందుకోవలసింది ఆయనేనని తరువాత గుర్తొచ్చింది.


కంచిలి
17 మార్చి 1978

చిరంజీవి, బాన ఒంటి నీలకంఠాన్ని జగ్గారావు దీవించడమైనది.

సగం చేశాను. రోలు కొద్దిలో గెలిచింది. గాదె ఒళ్లు అనే నాలుగోరకాన్ని రద్దు చేశాను.

నువ్వు కంగారులో ఉన్నావు కాబట్టి కనపడటం లేదు గాని సంగతి చాలా తేలిక. నీకు భార్య లేదని కదా క్వార్టర్ ఇవ్వలేదు. భార్య ఉంటే ఇస్తారు. పెళ్లి చేసుకో.

పిల్ల మాకు తెలిసినదే. చామనచాయ, పనిమంతురాలు, కాస్త నోరు ఎక్కువ. వరసకి మరదలు అవుతుంది. పిల్ల తండ్రి నా మాట కాదనడు. పిల్ల తల్లి మీ గదిలోనే ఉంది, నువ్వే అడుగు. బతికున్న కూతురికి రెండు పెళ్లిళ్లేమిటని గోల పెడుతుంది, పెట్టనీ. కర్రసాములో దెబ్బ తగలకపోతే మనిషిని మార్చం, నిలబడే చోటు మారుస్తాం. అదే ఇదీ.

ఇంత తొందరగా పెళ్లేమిటని సాహెబ్ అడిగితే మా వైపు ఆచారమని చెప్పు. మన ఆచారం ఆయనకు తెలియదు, మనకీ పూర్తిగా తెలియదు. ఏప్రిల్లో ముహూర్తం పెట్టించాను. నేను వస్తున్నాను. మొదటి పెళ్లిలో నీ కాళ్లు కడిగాను గాని ఈసారి వంగలేను. నువ్వే కడుక్కుని రా.

ఉభయపక్షాల పెద్ద,
జగ్గారావు

తా.క. ఇచ్ఛాపురం ఆయనకు నీ సంబంధం కుదిరిపోయిందని చెప్పాను. పిల్లది ఏ ఊరని అడిగి, మన ఊరేనని తెలిసి చాలా నొచ్చుకున్నాడు.


అగ్రికో, జంషెడ్‌పూర్
21 మే 1978

రెండుసార్లు పిల్లనిచ్చిన మామయ్యగారికి రెండుసార్లు అల్లుడైన నీలకంఠం నమస్కారాలు.

పై చిరునామా చూసే ఉంటారు. మీరు పెళ్లి ముగించుకుని వెళ్లిన వారానికే క్వార్టర్ ఇచ్చారు. చిన్నమ్మి మొదటిరోజంతా కుళాయి తిప్పుతూ కట్టేస్తూ గడిపింది.

పెళ్లిలో సాహెబ్ పెళ్లికూతుర్ని చాలాసేపు చూశారని మీరు భయపడ్డారు కదా. నాకూ భయం వేసింది. నా బల్ల మీద మా పాత పెళ్లిఫోటో ఆయన రోజూ చూస్తారు. మర్నాడు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. "రావ్, అందరూ మొదటిభార్యను మరిచిపోవడానికి రెండోపెళ్లి చేసుకుంటారు. నువ్వు గుర్తుంచుకోవడానికి చేసుకున్నావు. అచ్చం ఆమెలాంటి మనిషినే వెతుక్కున్నావు" అని కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. అప్పటికి అదే మర్యాద అనిపించింది.

ఆయనకి ఇప్పుడు బాన దెబ్బ మీద మనసు పడింది. ఆయనది ఈతచెట్టు ఒళ్లు. పొట్టని వదిలెయ్యమంటే వదలడానికి ఏమీ లేక ముందుకి పడుతున్నారు. ఆయన ఒంటికి తగ్గ దెబ్బ మీరే చెప్పాలట. కొలతలు ఎలా పంపాలని అడిగారు. ఆయన జంధ్యం వేసుకుంటారని గుర్తొచ్చి, టేపు తప్ప ఇంకేదీ వాడొద్దని గట్టిగా చెప్పాను.

అంతా బాగుంది. ఒక్క చిక్కు వచ్చింది. కింద రాస్తున్నాను.

మీ
నీలకంఠం

తా.క. ఇక్కడ పక్క క్వార్టరులో కస్తూరమ్మగారని ఉన్నారు. చిన్నమ్మి నా రెండోభార్య అని ఆవిడకి ఎవరో చెప్పారు. రోజూ వచ్చి కూర్చుని, "మొదటావిడ మహాతల్లి అటమ్మా. ఆవిడ పోయిందనగానే ఆటా కప్పూ వదిలేసి ఏడుస్తూ పరిగెత్తారటమ్మా మీవారు. నువ్వెంత చేసినా ఆవిడ చోటు నీకొస్తుందా?" అంటున్నారు. మొదట్లో చిన్నమ్మి నవ్వుకునేది. తరువాత నవ్వడం మానేసింది. నిన్న నాకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగింది: "ఆవిడ కోసం ఏడిసినట్టు నా కోసం ఒక్కపాలైనా ఏడిసేవేటి బావా?" నేను అన్నం తిన్నాను. ఈరోజు వంట చెయ్యలేదు. దీనికి ఎలా నిలబడాలో వెంటనే రాయండి.